ఝరణా గురుమా మొసలి పుస్తకం

ఝరణా గురుమా మా బడిలో టీచరుగా చేరడానికి వచ్చినప్పుడు ఆమె వెంట రెండు పెట్టెలు వచ్చాయి. చిన్నదాంట్లో బట్టలు. పెద్ద రేకు పెట్టెని పడవలోంచి దించి రేవు నుంచి ఇద్దరు మోసుకొచ్చారు. వాళ్ళలో ఒకడు దాన్ని వరండాలో దించి నడుం పట్టుకుని, "ఇటుకలు తెచ్చుకున్నావా గురుమా, ఇల్లు కట్టుకుంటావా ఇక్కడ?" అన్నాడు. ఆమె నవ్వలేదు. తాళం తీసి మూత ఎత్తి చూపించింది. అన్నీ పిల్లల బొమ్మల పుస్తకాలు.

అప్పటికి నేను ఇరవై మూడేళ్ళుగా ఆ బడిలో ఉన్నాను. నా పేరు మాగుణి రాఉత్. మాది ఆ ఊరే. హెడ్మాస్టరు పోస్టు ఖాళీగా పడి ఉండడంతో ఇన్‌ఛార్జీ కూడా నేనే. ఊరికి మూడు వైపులా బ్రాహ్మణి నది పాయలు, నాలుగో వైపు మడ అడవి. బయటి నుంచి వచ్చిన టీచర్లు ఒక వానాకాలం చూసి, రెండో వానాకాలం రాకముందే బదిలీ చేయించుకుని పోతారు. ఈమె కూడా అంతేలే అనుకున్నాను. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. భర్త పారాదీప్ ఓడరేవులో క్రేను నడుపుతాడు, నెలకోసారి వచ్చి వెళ్తాడు. ఇంతకు మించి తన గురించి ఎవరికీ చెప్పేది కాదు.

మొదటి వారంలోనే నాకు ఆమె మీద విసుగు పుట్టింది. మధ్యాహ్నం పిల్లలకి అన్నం, కూరగాయల పప్పు డాల్మా వడ్డించాక టీచర్లందరం వరండాలో కూర్చుని తింటూ నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఆమె మాత్రం కంచం పక్కన పెట్టుకుని, ఎడమచేత్తో బొమ్మల పుస్తకం పట్టుకుని చదువుకునేది. మధ్యమధ్యలో తనలో తనే నవ్వేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"పిల్లల పుస్తకాలు మీరెందుకు చదువుతారు? మీకు తెలియనివేం ఉంటాయి అందులో?"

"అన్నీ తెలియనివే మాగుణి బాబూ," అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "ఉప్పు మడిలో నీళ్ళు ఎందుకు ఎర్రబడతాయో మీకు తెలుసా?"

నాకు తెలీదు. మా ఊరికి ఆరు క్రోసుల్లోనే ఉప్పు మడులున్నాయి. నేను డాల్మా కలుపుకున్నాను.

తర్వాత్తర్వాత ఆమె సంగతి ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆమెది జాజ్‌పూర్ వైపు పల్లె. నాన్న బస్సు కండక్టరు. చదువుకున్న పదేళ్ళలో పాఠ్యపుస్తకంలో నల్లగా అలికినట్టుండే కప్ప బొమ్మ, గుండె బొమ్మ తప్ప ఏదీ చూడలేదు. మెట్రిక్‌లో సైన్సు రెండుసార్లు పోయింది. ముప్ఫై ఏళ్ళప్పుడు కటక్‌లో ఒక పుస్తకాల కొట్టు ముందు ఆగి కప్ప గురించిన పిల్లల పుస్తకం తెరిచిందట. గుడ్డు దగ్గర్నుంచి తోక కరిగిపోయేదాకా రంగుల్లో, ఒక్కో పేజీకి ఒక్కో దశ. నిలబడే మూడుసార్లు చదివింది. కొట్టువాడు జాలిపడి ఒక స్టూలు ఇచ్చాడు. అప్పటి నుంచీ ఆమెకి ఇదే పిచ్చి. రాజు, రాణి, మాట్లాడే నక్క, ఇలాంటివి ఒక్కటి కూడా ఆ పెట్టెలో ఉండేవి కావు. చీమల పుట్ట లోపల, బస్సు ఇంజను లోపల, మనిషి చెవి లోపల, వెదురు ఎప్పుడు పూస్తుంది, తుపాను ఎక్కడ పుడుతుంది, అలాంటివే.

తరగతిలో ఆమె కుర్చీ ఎక్కేది కాదు. నేల మీద కూర్చుని, పుస్తకాన్ని చెంప పక్కన పిల్లల వైపు తిప్పి పట్టుకునేది. వెంటనే చదివేది కాదు. "ఏం కనిపిస్తోంది?" అనేది. ఊరుకునేది. ఎంతసేపయినా ఊరుకునేది. పిల్లలు ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు. ఎవరైనా తనకి రాని ప్రశ్న అడిగితే "నాకు తెలీదు, చూద్దాం" అనేది. ఆ మాట నేను ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లల ముందు అనలేదు. అనకూడదనే నాకు నేర్పారు.

మా ఇద్దరికీ చెడింది వానపాము దగ్గర. వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములవుతాయని మా మాస్టారు నాకు చెప్పారు, నేను నా పిల్లలకి చెప్పాను. ఒకరోజు నాలుగో తరగతి పిల్లలు అయిదుగురు ఆమె పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పేజీ తెరిచి నా బల్ల మీద పెట్టారు. "సార్, రెండవ్వవట. తోక ముక్క చచ్చిపోతుందట. తల ఉన్న ముక్క బతికితే బతుకుతుందట, అదీ చెప్పలేమట," అన్నారు. వాళ్ళ మొహాల్లో ఎగతాళి లేదు. నిజంగా నాకు చెప్పడానికే వచ్చారు. అది నన్ను ఇంకా మండించింది.

బడి వదిలాక ఆమెని పిలిచాను.

"పిల్లల ముందు నా పరువు తీయాలని ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నారు?"

"నేను మీ పేరెత్తలేదు. వానపాము గురించి చెప్పాను."

"ముందు నన్ను ఒకమాట అడగొచ్చుగా."

"అడిగితే ఏం చేసేవారు, వానపాముని మార్చేవారా?"

అలా మాట్లాడేది. పెద్దవాడినని గాని, ఇన్‌ఛార్జీనని గాని ఆమెకి ఉండేది కాదు. నేనూ ఊరుకోలేదు. ఆమె పుస్తకాల పెట్టెని తరగతిలోంచి తీయించి బియ్యం బస్తాల గదిలో పెట్టించాను. ఆమెకి మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు తూగే పీరియడ్లు వేశాను. పెట్టె మూత సరిగా పడదు. పదిరోజుల్లో ఎలుకలు నాలుగు పుస్తకాల మూలలు కొరికాయి. ఆమె వాటిని తెచ్చి నా బల్ల మీద వరసగా పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు చూస్తే అవే పుస్తకాలతో తరగతిలో కూర్చుంది. కొరికిన అంచులు పిల్లలకి చూపించి, ఇది ఏ జంతువు పన్ను, దాని పళ్ళు ఎందుకు ఆగకుండా పెరుగుతాయి, కొరక్కపోతే దానికి ఏమవుతుంది అని పాఠం చెబుతోంది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక మొసలి సంగతి. మా ఊళ్ళో దాని పేరెత్తరు. 'అది' అంటారు. గురుమా రావడానికి ముందు సంవత్సరం శ్రావణంలో అది ఖగేశ్వర్ భార్య మాలతిని తీసుకుపోయింది. ఖగేశ్వర్ చేపలు పట్టేవాడు. మాలతి పొద్దున్నే రేవు మెట్ల మీద గిన్నెలు తోముతోంది. ఒడ్డున ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. చప్పుడైంది, తలతిప్పేసరికి గిన్నెలున్నాయి, ఆమె లేదు. మూడు రోజులకి దొరికిందాన్ని ఖగేశ్వర్ ఎవర్నీ చూడనివ్వలేదు. అతని కూతురు సెబతి అప్పుడు రెండో తరగతి. ఆ పిల్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. "అమ్మని గంగమ్మ తీసుకెళ్ళింది," అంది నాయనమ్మ. అంతే. అప్పటి నుంచి ఆ పిల్ల బడిలో నోరు తెరవడం మానేసింది. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది.

ఝరణా గురుమా పెట్టెలో మొసలి పుస్తకం ఒకటుంది. ఊరి సంగతి తెలిశాక దాన్ని పెట్టె అడుక్కి నెట్టేసి, పైన పాత గుడ్డ పరిచింది. ఈ సంగతి బియ్యం గదికి తాళం వేసే నాకు తెలుసు. నా కళ్ళతో చూశాను.

వేసవి సెలవులయ్యి బడి తెరిచారు. తొలకరి రజ పండగ వెళ్ళి వారమో పదిరోజులో అయ్యింది. మధ్యాహ్నం అన్నాల వేళ నేను మర్నాటి బియ్యం కొలవడానికి వెళ్తూ ఆ గది కిటికీ దగ్గర ఆగాను. వంటకి తీసిన తలుపు అలాగే ఉంది, లోపల అలికిడి. సెబతి పెట్టె ముందు కూర్చుని ఉంది. పుస్తకాలన్నీ తీసి పక్కన పేర్చింది, గుడ్డ కూడా తీసింది. మొసలి పుస్తకం ఒళ్ళో ఉంది. గురుమా గుమ్మంలో నిలబడింది.

"అది వద్దు సెబతీ. లోపల పెట్టు."

"చదవండి గురుమా."

ఏడాది తర్వాత ఆ పిల్ల గొంతు వినడం అదే మొదటిసారి. గురుమా వచ్చి నేల మీద కూర్చుంది. పుస్తకం తెరవబోతూ, "ఏ పేజీలోనైనా ఆపమంటే ఆపేస్తాను," అంది. పిల్ల తలూపింది. ఇద్దరూ ఒక్కో పేజీ తిప్పారు. సెబతి బొమ్మల మీద వేలు పెట్టి చూసింది. కన్ను మీదికి వచ్చే మూడో రెప్ప, వీపు మీద పలకలు, తోక. మొహంలో భయం లేదు, ఏదో పారేసుకున్నదాన్ని వెతుక్కునే మనిషిలా ఉంది.

"గురుమా, ఇది నీళ్ళలో ఎంతసేపు ఊపిరి బిగపట్టి ఉంటుంది?"

"గంట. ఒక్కోసారి ఇంకా ఎక్కువ."

"మనిషి?"

గురుమా పుస్తకం ఒళ్ళోకి దించింది. "రెండు మూడు నిమిషాలు. భయపడితే ఇంకా తక్కువ."

సెబతి వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేసుకుంది. "అయితే అమ్మకి ఎక్కువసేపు తెలియలేదు."

"పుస్తకంలో అది రాయలేదు," అంది గురుమా. "కానీ లెక్క ప్రకారం నువ్వన్నదే. ఎక్కువసేపు తెలిసి ఉండదు."

"నాయనమ్మ గంగమ్మ తీసుకెళ్ళిందంటుంది. నేను అమ్మ ఇంకా నీళ్ళ అడుగున ఉందనుకున్నా. ఊపిరాడకుండా."

"లేదు."

"లేదు," అని పిల్ల కూడా అంది. తర్వాత ఏడ్చింది. గురుమా దగ్గరికి తీసుకోలేదు, వెన్ను నిమరలేదు. పుస్తకం పట్టుకుని పక్కన కూర్చుంది, అంతే. ఏడుపు అయ్యాక సెబతి మొహం తుడుచుకుని, "అందరికీ చదవండి," అంది. "అందరికీ తెలియాలి."

నేను బియ్యం కొలవకుండానే వెనక్కి వచ్చేశాను.

మర్నాడు ఆమె మూడో తరగతికి ఆ పుస్తకం చదివింది. సెబతి ముందు వరసలో కూర్చుంది. పక్క తరగతిలో నా పిల్లలు కూడా పాఠం మానేసి చెవులు అటు పెట్టారు. గూటిలో వేడిని బట్టి పుట్టేది ఆడదో మగదో తేలుతుందట. దానికి నోరు మూసే బలం ఉన్నంత తెరిచే బలం లేదట. దవడల మీద సన్నటి చుక్కలుంటాయట, నీళ్ళలో చిన్న కదలిక వచ్చినా వాటితో కనిపెడుతుందట. ఒకే చోటికి ఒకే వేళకి రోజూ వచ్చే ప్రాణిని ముందు కొన్నాళ్ళు గమనిస్తుందట. చివరి పేజీల్లో, పుట్టిన పిల్లల్ని తల్లి మొసలి నోట్లో పెట్టుకుని నీళ్ళ దగ్గరికి మోసుకెళ్ళే బొమ్మ ఉంది. పళ్ళ మధ్య నుంచి చిన్న చిన్న తలలు బయటికి చూస్తున్నాయి.

పిల్లలు ఇంటికెళ్ళి ఇవన్నీ చెప్పకుండా ఉంటారా? ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. పొద్దున బడి గంట కొట్టకముందే ఖగేశ్వర్ వచ్చాడు. వెనకాల పదిహేను ఇరవై మంది. వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు.

"ఎక్కడ ఆ గురుమా?"

ఆమె వరండాలోకి వచ్చింది. చేతిలో హాజరు పట్టీ ఉంది.

"నా కూతురికి ఏం చదివావు నువ్వు?"

"మొసలి గురించి చదివాను."

ఆ పేరు పైకి అనేసరికి ఆడవాళ్ళు గొణిగారు. ఖగేశ్వర్ ఒక మెట్టు ఎక్కాడు.

"రోజూ ఒకే వేళకి వచ్చేవాళ్ళని చూసుకుంటుందా? అంటే మా ఆవిడ రోజూ ఆ వేళకి వెళ్ళింది కాబట్టి తప్పు ఆవిడదా? గిన్నెలు తోముకోవడం తప్పా?"

"తప్పని పుస్తకంలో లేదు. తెలిస్తే జాగ్రత్త పడొచ్చని ఉంది."

"ఇంకొకటి చెప్పు. అది పిల్లల్ని నోట్లో పెట్టుకుని ముద్దు చేస్తుందా? తల్లా అది? తల్లి లేని పిల్లకి దాన్ని చూపించి తల్లి అని చెప్తావా?"

ఆమె హాజరు పట్టీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. గుంపులోంచి ఎవరో, "దాన్ని కాపాడే అడవి డిపార్టుమెంటు మనిషి ఈమె. దాన్ని ముద్దు చేయడానికే పంపించారు," అన్నారు. ఇంకొకరు, "మొగుణ్ణి ఓడరేవులో వదిలేసి ఇక్కడికెందుకు వచ్చిందనుకున్నావు?" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"అసలు ఆ పుస్తకం ఎవరు చదవమన్నారు నిన్ను?" అన్నాడు ఖగేశ్వర్. "ఎవరడిగారు?"

సెబతి గోడ పక్కన నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. గురుమా ఆ పిల్ల వైపు చూడలేదు, కావాలనే చూడలేదని నాకు తెలుసు.

"ఎవరూ అడగలేదు. నా అంతట నేనే చదివాను," అంది.

ఖగేశ్వర్ నా వైపు తిరిగాడు. "మాగుణి భాయ్, నువ్వు ఊరివాడివి. నీకు తెలియకుండా జరిగిందా ఇది?"

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒక్క మాట. పిల్ల తనే పుస్తకం తీసిందని, తనే అడిగిందని, తనే ఏడ్చి మొహం తుడుచుకుందని. పిల్లని అందరి ముందుకి లాగడం ఎందుకని ఊరుకున్నానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు వానపాము గుర్తొచ్చింది.

"నాకేం తెలుసు," అన్నాను. "ఆమె ఎవరి మాటా వినదు. మీరే చూస్తున్నారుగా."

ఖగేశ్వర్ బియ్యం గదిలోకి వెళ్ళి పెట్టె తన్ని తెరిచాడు. మొసలి పుస్తకం దొరికేదాకా మిగతావన్నీ విసిరేశాడు. దాన్ని రెండు చేతులతో నడుమకి చీల్చి రేవు దాకా నడిచి నీళ్ళలో వేశాడు. గుంపంతా వెంట వెళ్ళింది. గురుమా వెళ్ళలేదు. నేలమీద పడ్డ పుస్తకాలు ఏరుతూ కూర్చుంది. చీమల పుస్తకం మీద ఎవరిదో బురద కాలి ముద్ర పడి ఉంది. పైట చెంగుతో తుడిచింది. పిల్లల్లో ఒక్కరు కూడా సాయానికి వెళ్ళలేదు. నేను చూస్తున్నానని భయం.

రెండు రోజులకి ఊరి పెద్దలు బడి వరండాలోనే కూర్చుని, ఆ గురుమా వద్దని బ్లాక్ ఆఫీసుకి అర్జీ పెట్టాలని తీర్మానించారు. ఊళ్ళో నా దస్తూరీ బాగుంటుంది. నేనే రాశాను. 'గ్రామస్థుల మనోభావాలు గాయపరుస్తూ, సిలబస్‌లో లేని పుస్తకాలు చదివిస్తూ' అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. ఇన్‌ఛార్జీగా చివర సంతకం కూడా పెట్టాను. ఆశ్విన మాసం రాకముందే ఆమెకి బదిలీ ఉత్తర్వు వచ్చింది. నది అవతల, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన ఊరు.

ఆ రెండు నెలలూ ఆమె తరగతిలో పాఠ్యపుస్తకం తప్ప ఏదీ తెరవలేదు. నాతో మాట్లాడలేదు. ఊళ్ళో అద్దె ఇంటివాళ్ళు బావి దగ్గరికి రానివ్వకపోతే బడి బోరింగు నుంచి నీళ్ళు మోసుకునేది. వెళ్ళే రోజు పెట్టె మోయడానికి మనిషి దొరకలేదు. పారాదీప్ నుంచి భర్త వచ్చాడు. బక్కపల్చటి మనిషి. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మోశారు. రేవు దగ్గర నేను ఉన్నాను. ఎందుకున్నానో నాకే తెలీదు. బహుశా వెళ్ళిపోయిందని కళ్ళారా చూసుకోవడానికే అయ్యుంటుంది.

పడవ ఎక్కబోతూ ఆగి అంది. "ఆ రోజు బియ్యం గదిలో మీ నీడ పడింది మాగుణి బాబూ. కిటికీ నుంచి. మీరు మొత్తం విన్నారు."

భర్త పెట్టెని పడవలోకి లాక్కున్నాడు.

"ఖగేశ్వర్ మీద నాకు కోపం లేదు. అతని పెళ్ళాం పోయింది. మీకేం పోయింది?"

పడవ కదిలింది.

మరుసటి వానాకాలం రేవులో ఒక మార్పు వచ్చింది. ఆడవాళ్ళు మెట్లు దిగి నీళ్ళలో కూర్చోవడం మానేశారు. బక్కెట్టుకి తాడు కట్టి ఒడ్డు మీద నుంచే తోడుకుని, పైన గట్టు మీద గిన్నెలు తోముకున్నారు. ఒకరోజు పొద్దున వస్తే మర్నాడు ఎండెక్కాక వచ్చేవాళ్ళు. ఒకసారి ఈ రేవు, ఒకసారి ఆ రేవు. ఇదెక్కడ నేర్చుకున్నారని నేనడిగితే ఖగేశ్వర్ తల్లి, "ఎక్కడో నేర్చుకోవడమేంటి, ఎప్పుడూ ఇలాగే చేస్తాం," అంది. ఆ పక్కనే సెబతి తాడు లాగుతోంది. నా వైపు చూసి మొహం తిప్పుకుంది. నాలుగో తరగతిలో నా దగ్గరే చదివింది ఆ పిల్ల. అడిగినదానికి జవాబు చెప్పేది, మిగతా పిల్లలతో మామూలుగా మాట్లాడేది, నవ్వేది. నాతో మాత్రం ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు.

మూడేళ్ళు అలా గడిచాయి. ఒకరోజు ఖగేశ్వర్ వల బాగు చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. మాటల మధ్యలో, ఎందుకో ఆ రోజు దాచుకోలేకపోయాను. కిటికీ దగ్గర విన్నదంతా చెప్పేశాను. అతను సూది ఆపలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"పుస్తకం నీళ్ళలో వేసి ఇంటికెళ్ళానా, పిల్ల చెప్పింది. నేనే అడిగాను నాన్నా, నన్ను కొట్టు అంది." ఒక ముడి వేసి పళ్ళతో దారం తెంపాడు. "అప్పటికే ఊరంతా చూసింది. వెనక్కి ఎలా వస్తాను? నాకు ఎవరో ఒకర్ని కొట్టాలని ఉండింది ఆ ఏడాదంతా. నీళ్ళలో ఉన్నదాన్ని కొట్టలేను. ఆమె చేతికి దొరికింది."

"అర్జీ మీద నువ్వూ వేలిముద్ర వేశావు."

"వేశాను. రాసింది నువ్వు." అప్పుడు తలెత్తి చూశాడు. "నిన్ను అడిగాను మాగుణి భాయ్. అందరి ముందూ నిన్నే అడిగాను. నువ్వు నోరు తెరిచి ఉంటే ఆగిపోయేవాణ్ణి. చదువుకున్నవాడివని అడిగాను."

 వల మడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ వచ్చే శనివారం నేను నది దాటి రెండు బస్సులు మారి ఆమె బడికి వెళ్ళాను. రెండు గదుల బడి, చుట్టూ వరి చేలు. అన్నాల వేళ. ఆమె వరండాలో కూర్చుని నీళ్ళలో నానబెట్టిన పఖాల అన్నం తింటోంది, పక్కన వేయించిన ఎండు చేప, ఎడమచేతిలో పుస్తకం. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

"ఖగేశ్వర్‌కి నిజం చెప్పాను," అన్నాను.

"అతనికి ముందే తెలుసు. సెబతి నాకు ఉత్తరాలు రాస్తుంది."

ఆ మాట నేను ఊహించలేదు. వచ్చేటప్పుడు బస్సులో సిద్ధం చేసుకున్నదంతా ఎగిరిపోయింది.

"నేను చేసింది తప్పు," అన్నాను.

"మీ అర్జీ నకలు ఆఫీసులో నాకు ఇచ్చారు. దాచుకున్నాను. అందులో 'మనోభావాలు' అన్న మాట నాలుగుసార్లు రాశారు. చూస్తారా?"

"వద్దు."

"మరి దేనికొచ్చారు?"

"చెబుదామని."

"చెప్పారు." ఎండు చేప ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. "మీకు బరువు దిగితే మంచిదే. నాకేం దిగలేదు. ఆ ఊళ్ళో ఇంకో రెండేళ్ళు ఉంటే ఆ పిల్లలకి ఎన్ని చదివేదాన్నో లెక్కేసుకుంటాను అప్పుడప్పుడు. అది మీరు తిరిగి ఇవ్వగలిగింది కాదు. నాలుగింటికి బస్సుంది."

గంట కొట్టారు. ఆమె చెయ్యి కడుక్కుని తరగతిలోకి వెళ్ళింది. బస్సుకి ఇంకా గంటన్నర టైముంది. ఎండ మండిపోతోంది. వరండా నిండా ఎండ పడుతుంటే గుమ్మం దాటి వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆమె చూసింది, వద్దనలేదు, రమ్మనలేదు. పిల్లలు ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసి మళ్ళీ ముందుకి తిరిగిపోయారు.

పుస్తకం గబ్బిలం గురించి. ఆమె దాన్ని చెంప పక్కన పట్టుకుంది. "ఏం కనిపిస్తోంది?" అంది. పిల్లలు చెప్పడం మొదలుపెట్టారు. రెక్కలు, గోళ్ళు, చెవులు. ఆ రెక్క నిజానికి వేళ్ళ మధ్య సాగిన చర్మమని, మన చెయ్యి ఎముకలూ దాని రెక్క ఎముకలూ ఒకే వరసలో ఉంటాయని ఆమె చూపించింది. నేను నా చెయ్యి చాపి చూసుకున్నాను.

"మరి తలకిందులుగా నిద్రపోతే రక్తమంతా తలలోకి రాదా?" అన్నాను. పైకి అన్నానని అన్నాకే తెలిసింది.

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు చూడకుండా, "అది రెండు పేజీల తర్వాత ఉంది. మధ్యలో ప్రశ్నలు వేసేవాళ్ళు చెయ్యి ఎత్తాలి," అంది. పేజీ తిప్పింది.

ఆ రెండు పేజీలూ విన్నాను. ఆ తర్వాతవి కూడా విన్నాను. పుస్తకం అయిపోయాక ఆమె దాన్ని ముందు వరసలో పిల్లకి ఇచ్చింది. అది చేతులు మారుతూ వెనక్కి వచ్చింది. నా పక్కన కూర్చున్న పిల్ల దాన్ని నాకు ఇవ్వబోతే గురుమా, "సార్‌కి బస్సు వేళయింది," అంది.

లేచి చెప్పులేసుకున్నాను. ఆమె వరండాలోకి రాలేదు. రోడ్డు మీదకి వచ్చేదాకా పిల్లల గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి, ఎవరో ఏదో అడుగుతున్నారు, ఆమె తెలీదంటోంది. నాలుగింటి బస్సు ఎక్కాను.